సారమేయ శిక్షణము

కుక్కపిల్లను చేరదీసిన నాడే మనుష్యుడు ఒక ఋణమును తలకెత్తుకొనుచున్నాడు. పరుగు ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చినది. జాడను పసిగట్టు ముక్కు, కదలినదానిని తరుముకొనిపోవు ఉద్రేకము, అన్నము పెట్టిన చేతియెడ ఎడతెగని అనురాగము, ఇవన్నియు ప్రకృతి దానికి ముందే ఇచ్చి పంపినది. ప్రకృతి ఇయ్యక మనుష్యునికి విడిచినది ఒక్కటి కలదు: ఉద్రేకము పొంగియున్న వేళ పిలుపు విని నిలుచుట. తనయందు లేనిదానిని ఎవ్వడును ఇంకొకరికి ఇయ్యజాలడు గనుక, లేత కుక్కను అడవిపంది వేటకు సిద్ధపరచ బూనినవాడు మొదట తన చిత్తమును శిక్షించుకొనవలెను. ఈ మాట పూర్వులకు తెలియును, మనకును తెలియును. తెలిసి మరచినదానిని మరల తలచుకొనుట మాత్రమే మిగిలియున్నది.

దక్కను భూమిలో కుక్కతోడి వేట నిన్న మొన్న పుట్టినది కాదు. కల్యాణమును ఏలిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధమున మానసోల్లాసమను మహాగ్రంథమును సంధానించుచు, రాజవినోదముల నడుమ సారమేయ వినోదమునకు వేరుగా చోటిచ్చినాడు. ఆ కల్యాణపురము బీదరు జిల్లాలోనిది; 1956 వరకు ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రమున ఉండెను. రాజుల మాట అటుండనిండు. నల్లమలలోని చెంచు పెంటలలో, అనగా వారి గూడెములలో, కుక్క ఇంటి మనిషితో సమానముగా మసలినది, అడవిలో ముందు నడచినది, దొరికినదానిలో భాగము పొందినది. కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్క, తెలంగాణ పల్లెల పేరులేని నాటుకుక్క, ఇవి ఏ వంశావళియు లేకయే పొలమును కాచినవి, మందను మరలించినవి, వేటకు పోయినవి. ఈ నేల ఎండను, ఈ నేల రోగములను తరతరములుగా తట్టుకొన్న దేహము వానిది. దూరదేశపు జాతికుక్కను గొలుసుతో త్రిప్పుట గౌరవమనియు, వీధిలోని కుక్కపై రాయి విసరుట వాడుకయనియు తలచుట మన కాలమునకు పట్టిన అజ్ఞానము.

శిక్షణక్రమమును తెలిసినవారు దానిని వేటతో ఆరంభింపలేదు. పుట్టిన మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల ఏ మనుష్యులను, ఏ ధ్వనులను, ఏ జంతువులను నిర్భయముగా చూచునో, మిగిలిన ఆయుష్కాలమంతయు వానియెడ ఇంచుమించు అట్లే వర్తించును. కావున ఆ లేతప్రాయమున దానిని మేకలమంద నడుమ నడిపింపవలెను. కోళ్ళు తిరుగు వాకిట కూర్చుండబెట్టవలెను. పసిపిల్లల కేకలును బండ్ల చప్పుడును వినిపింపవలెను. వీనిలో ఏదియు తరుమదగినది కాదని అప్పుడే దానికి బోధపడవలెను. ఈ పాఠమును చెప్పక, ఏడాది గడచిన పిదప మేకను పట్టినదని కుక్కను మోదువాడు, తాను చేసిన అపరాధమునకు దానిని దండించుచున్నాడు.

రెండవది పిలుపు. పేరు విని వచ్చిన పిల్లకు ప్రతిసారియు మేలే జరుగవలెను. ఒక ముద్ద దొరకవలెను, లేదా వెన్ను నిమురు చేయి దొరకవలెను. దగ్గరకు పిలిచి కొట్టుట ఈ విద్యలో మహాపరాధము. ఒక్కసారి అట్లు జరిగినచో పిలుపునకు భయము అంటుకొనును, ఆ భయమును కడుగుటకు మాసములు పట్టును. అది ఆలస్యముగా వచ్చినను, పిల్లిని తరిమి, బురదలో పొరలి, పిలువగా పిలువగా చిట్టచివరకు వచ్చినను, వచ్చిన క్షణమున ఆదరము తప్ప మరేమియు చూపరాదు. అప్పుడు యజమాని హృదయమున రగులు కోపము అక్కడనే అణగిపోవలెను. ఎందరో ఇచ్చటనే ఓడుదురు. కుక్కపిల్ల ఓర్పు నేర్చుటకు పూర్వము మనుష్యుడు ఎన్నిమార్లు ఓర్పు నేర్వవలసివచ్చునో లెక్కింప బూనినవారు, శిక్షణలో ఎక్కువ పాలు ఎవరిదో గ్రహింతురు.

నాలుగవ నెల మొదలు ఏడవ నెల లోపల పాలపండ్లు రాలి గట్టిపండ్లు వచ్చును. ఆ దినములలో తోలుముక్కను కరపించి లాగి పంతము పెంచుట కూడదు. పూర్వపు వేటగాండ్రు ఈ వయసున జాడను మాత్రమే నేర్పిరి. ఎండిన తోలును త్రాటికి కట్టి నేలపై ఈడ్చి, పొద చాటున దాచి, పిల్లచేత వెదకించిరి. మొదట కొద్ది దూరము, నేరుగా, పిదప మలుపులతో, ఆ పిదప కొంతసేపు ఆరిన జాడపై. ముక్కు పని చేయునప్పుడు మనుష్యుడు మౌనముగా వెనుక నడచుట మేలు. తొందరపడి దారి చూపువాడు తనకు లేని ఘ్రాణశక్తితో తన కంటె ఎక్కువ తెలిసినదానికి ఉపదేశించుచున్నాడు.

ఎముకలు గట్టిపడుటకు ఏడాది, కొన్ని కుక్కలకు ఏడాదిన్నర పట్టును. అంతవరకు అడవిపందికి ఎదురుగా లేత కుక్కను నిలుపుట శిక్షణ అనిపించుకొనదు, ద్రోహమనిపించుకొనును. పెరిగిన మగపంది నూరు కిలోలకు పైబడి తూగగలదు. దాని క్రింది కోరలు పై కోరలతో ఒరసికొని నిరంతరము పదునెక్కుచుండును. భుజములపై చర్మము కవచమంత మందమై యుండును. అది తల వంచి పైకి ఎగజిమ్మినప్పుడు కుక్క రొమ్మును, కడుపును, కంఠమును చీల్చును. ఇది తెలిసిన పెద్దలు మీదపడి కరచి పట్టు కుక్క కంటె, ఎడము పాటించి చుట్టు తిరుగుచు మొరిగి పందిని కదలనీయక నిలుపు కుక్కనే మెచ్చుకొనిరి. తెగించి మీదబడినది ఒక్క వేటకు వీరమగును. ఎడము నెరిగినది పది సంవత్సరములు బ్రతుకును. అట్టి వివేకమును మనుష్యుని మాట కంటె అనుభవము గల ముదుసలి కుక్కయే చక్కగా నేర్పును గనుక, పిల్లను దాని ప్రక్కన నడిపించి, దూరమున కట్టి, చూడనిచ్చుట ఆచారము. ఎండ విషయమున సయితము ఇట్టి జాగ్రత్తయే వలయును. కుక్కకు పాదముల అడుగున తప్ప చెమట పట్టదు. రొప్పుటయే దానికి చల్లబడు మార్గము. దక్కను వేసవిలో ప్రొద్దెక్కిన పిదప పరుగెత్తించినచో, పందికోరకు చిక్కని కుక్క వడదెబ్బకు చిక్కును. అది ఆగుదునని చెప్పనేరదు. యజమాని మాటపై గుండె ఆగువరకు పరుగెత్తును. అందుచేతనే ఆపువాడు మనుష్యుడు కావలెను.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నీడన శతాబ్దములుగా పఠింపబడుచున్న పవిత్ర ఖురాను ఐదవ అధ్యాయమున, శిక్షితమైన వేటజంతువు యజమానికై పట్టినదానిని దైవనామస్మరణతో స్వీకరించుటకు అనుమతి కలదు. శిక్షితమనగా ఏది యను ప్రశ్నకు ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిన లక్షణములు మూడు: పంపగా పోవుట; ఆపగా ఆగుట; పట్టినదానిని తాను తినక నిలిపియుంచుట. పందిమాంసము ఆ ధర్మమున నిషిద్ధము. వారు లేళ్ళను, కుందేళ్ళను, పక్షులను తలచి ఈ నిర్ణయము చేసిరి. అయినను గమనింపుడు, మూడు లక్షణములలో రెండు నిగ్రహమునకు సంబంధించినవే. దప్పిచే నాలుక చాచిన కుక్కకు పాదరక్షతో బావినీరు తోడి పోసినవాని పాపములను దైవము క్షమించెనన్న ప్రవక్త బోధయు ఆ సంప్రదాయమునదే. వేటకు పంపు అధికారమును, దప్పి తీర్చు బాధ్యతను ఒకే ధర్మము ఒకే జీవి విషయమున చెప్పియుండుట అందరును తలపవలసిన సంగతి.

రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున తెనుగు భారతమును ఆరంభించినప్పుడు, తొలి కథలలోనే ఒక కుక్కపిల్ల కలదు. జనమేజయుని యాగభూమికి ఆడుకొనుచు వచ్చిన సారమేయుని రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి; తల్లియైన సరమ రాజసభకు వచ్చి, తప్పెరుగని దుర్బలునికి చేసిన కీడు ఎదురుచూడని భయమై తిరిగివచ్చునని హెచ్చరించినది. చక్రవర్తి సమాధానము చెప్పలేకపోయెను. అదే భారతము చివర, సోదరులును ద్రౌపదియు దారిలో రాలిపోగా తోడు విడువని కుక్కను విడిచి స్వర్గరథము ఎక్కనని ధర్మజుడు నిలిచినాడు. అంత గొప్ప యుద్ధకథకు మొదటను తుదను కుక్కయే మనుష్యుని ధర్మమును పరీక్షించుచున్నది. మృగయను నిందించుటలోను పెద్దలు మొగమాటపడలేదు. కామము వలన పుట్టు పది వ్యసనములను లెక్కించుచు మనువు వేటనే మొదట పేర్కొన్నాడు. చీకటిలో నీటి చప్పుడు విని, కంటితో చూడకయే బాణము విడిచిన దశరథుడు మునికుమారుని కూల్చినాడు. చేతినుండి వెడలినదానిని మరలించు శక్తి ఆయనకు లేకపోయెను. బాణమునకు చెవి లేదు. కుక్కకు కలదు. ఆ చెవికి పిలుపు నేర్పకయే దానిని ఉసిగొల్పువాడు, మరలింపదగిన శక్తిని మరలింపరాని శక్తిగా చేయుచున్నాడు.

ఈ ధర్మమునకు శిలాసాక్ష్యము ఒకటి నిలిచియున్నది. రాష్ట్రకూటుల మాన్యఖేటము, అనగా నేటి మల్ఖేడు, తరువాతి కాలమున నిజాముల గుల్బర్గా జిల్లాలో చేరినది. ఆ మాన్యఖేటమునుండి ఏలిన మూడవ కృష్ణుడు శకము 872, అనగా సామాన్యశకము 949-50 ప్రాంతమున, తక్కోలపు రణరంగమున చోళులను జయించెను. ఆ యుద్ధమున ఆయనకు బాసటయైన గంగరాజు రెండవ బూతుగుడు, తన వీరుడు మణలేరుని శౌర్యమునకు మెచ్చి ఏమి వలయునో కోరుకొమ్మనెను. ఆ వీరుడు కోరినది ఒక కుక్కను. కాళి యను పేరు గల ఆ వేటకుక్కను ఒక మహావరాహముపై విడిచిరి. కుక్కయు పందియు ఒకదానినొకటి చంపుకొని పడినవి. కర్ణాటకమున మండ్య ప్రాంతమున ఆతకూరి చల్లేశ్వరుని గుడి ముందు కాళి పేర శిల నిలిపిరి, పూజకై భూమి నిచ్చిరి. ఆ శిలకు పూజ చేయక భుజించిన అర్చకునికి పాపమంటునని శాసనమున చెక్కించిరి. ఆ శిల నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియమున కలదు.

ఆ శాసనము ముందు మనస్సు కొంతసేపు నిలువదగును. గ్రామములను, పదవులను, పొలములను కోరదగిన సమయమున ఒక యోధుడు కుక్కను కోరెను. అది అతని ప్రేమకు కొలత. కోరి పొందిన దానినే ప్రాణాంతకమైన పందిపై విడిచెను. అది అతని తృష్ణకు కొలత. చనిపోయిన పిదప శిల నిలిపి నిత్యపూజ ఏర్పరచెను. అది అతని పశ్చాత్తాపమో, గౌరవమో, రెండునో. ఆ మూడింటిని ఒకే హృదయమున ఉంచుకొన్నవాడు మనుష్యుడు. రాష్ట్రకూటులు పోయిరి, గంగులు పోయిరి, తక్కోలమున ఎవరు గెలిచిరో చరిత్రపాఠకులు తప్ప ఎరుగరు. ఒక కుక్క పేరు మాత్రము వేయేండ్లు దాటి చదువబడుచున్నది. అయినను శిల కాళికి ఉపయోగపడలేదు. బ్రతికియున్న దినమున మరలి రమ్మను ఒక్క పిలుపు దానికి ఉపయోగపడియుండెడిది.

హైదరాబాదు వేటవైభవమును ఇట్లే కాలము మడిచిపెట్టినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ముప్పదికి పైగా పులులను కూల్చినాడని జనులు తీస్‌మార్ ఖాన్ అని పిలుచుకొనిరి. 1902లో వైస్రాయి కర్జను వరంగల్లు జిల్లా నెక్కొండ వద్ద చచ్చిన పులి ప్రక్కన సతీసమేతుడై నిలిచిన ఛాయాచిత్రము, రాజా దీన్‌దయాళు పేరుతో నేటికిని లోకమున తిరుగుచున్నది. 1908లో మూసీ పొంగి నగరమును ముంచెను. 1911లో ఫలక్‌నుమా సౌధమున మహబూబ్ అలీ ఖాను కన్నుమూసెను, ఆయనకు ఏబదేండ్లైనను నిండలేదు. ఆ సౌధము నేడు హోటలు. నగరమునకు తూర్పున నిజాములు వేటాడిన భూమి, మహావీరుని స్మృతిగా 1975లో మహావీర్ హరిణ వనస్థలియై కృష్ణజింకలకు నెలవైనది. బాణమునకు, తుపాకికి గురియైన నేలకు అహింసామూర్తి పేరు పెట్టిన పెద్దల వివేకము ప్రశంసనీయము. వేటకుక్కల పేర్లు, వానిని పెంచినవారి పేర్లు ఏ ఛాయాచిత్రము క్రిందను కానరావు.

నేడు ధర్మశాస్త్రము చెప్పినదానినే రాజశాసనమును చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. చంపుటయే కాక తరుముట, వలపన్నుట, ఎరవేయుట సయితము అందు వేటయే. అడవిపందియు ఆ చట్టపు రక్షణలోనిదే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ఒక జంతువును మరియొక జంతువుపై పోరుకు పురికొల్పుటను నేరమనెను. కావున పందివేటకు కుక్కను విడుచుట నేడు మన దేశమున రెండు విధముల తప్పు. రైతు దుఃఖమును తేలిక చేయుట కూడదు. ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను నేలమట్టమైన ఇంటిలో అహింసను గూర్చి ప్రసంగించువాడు మొదట ఆ చేను గట్టున నిలిచి చూడవలెను. అయితే ఆ ఆపదకు చట్టమున అధికారుల అనుమతి యను మార్గము కలదు. పాతబస్తీకి సమీపమున రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమ వరుసలు, మొక్కజొన్న చుట్టు ఆముదపు వరుసలు వేసి పందిని వెలుపలనే నిలుపు పద్ధతులను చాటిరి. గట్టుపై కాపున్న కుక్క మొరిగి మేల్కొలిపినను చాలును, తరుమనక్కరలేదు, చంపనక్కరలేదు. నిలిపి మొరుగు కుక్కను పూర్వులు మెచ్చుట వ్యర్థము కాలేదు.

మిగిలినది, మొదట చెప్పిన ఆ ఋణము. వేట ముగిసినను కుక్క ముగియలేదు. మీరాలం మండి వెనుక, పత్తర్‌గట్టి అరుగుల క్రింద, లాల్‌దర్వాజా సందులలో పడియున్నవి, వేల ఏండ్లుగా మనుష్యుని వెంట నడచుటకే మలచబడిన దేహములు. మనము వానిని పిలుచుట మానితిమి. అవి మన చెత్తకుప్పల చుట్టు గుంపులైనవి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల పాలబడి మరణించినాడు. ఆ తల్లిదండ్రుల శోకమును ఏ కరుణావాదమును చిన్నది చేయరాదు. మనుష్యుని ఆజ్ఞను ఎరుగని శక్తి ఎంతటి ఘోరమునకు తావిచ్చునో ఆ శోకము చూపినది. ఆజ్ఞ నేర్పవలసిన మనుష్యుడు తన పనిని ఎంత కాలముగా మరచెనో అదియు చూపినది.

కావున ఎవరు కుక్కపిల్లను చేరదీసినను, అది పందికై కాక వాకిటి కావలికై యైనను, పైన చెప్పిన క్రమము మారదు. లోకపరిచయము, పిలుపు, నిలుపు, ఓర్పు, ఇవన్నియు మొదటి ఏడాదిలోనే జరుగవలెను. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయింపవలెను, పిదప ఏటేట మరవరాదు. వేసవిలో నీటిపాత్ర ఎండకు తగులని చోట నుండవలెను. కుక్కకు ముసలితనము వచ్చి కాళ్ళు తడబడునప్పుడు, పిలుపు చెవిని పడనప్పుడు, పిలుచు వాడే లేచి దాని యొద్దకు పోవలెను. అన్నము మెత్తగా కలిపి పెట్టవలెను. దానిని రాత్రివేళ దూరపు వీధిలో దింపి వచ్చుట చట్టమునను నేరమే. ఎవరినైన కరచినచో, గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు పారు నీట కడిగి, ఆలస్యము చేయక టీకాకై నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకో దగ్గరి ప్రభుత్వాసుపత్రికో పంపవలెను. కరచిన కుక్కను కట్టి, పది దినములు అన్నము నీరు పెట్టుచు గమనింపవలెను; కొట్టి చంపరాదు.